ఈత ట్యూబుకు చిల్లు పడితే...



ఉద్యోగ విరమణ చేసిన వైద్యుని ఇంటికి కూడా రోగులు వస్తూనే ఉంటారు. రక్తపోటు మాత్ర మార్చాలా అని అడిగేవారు కొందరు, మోకాలి ఎక్స్‌రే చేతపట్టుకొని వచ్చేవారు కొందరు, ఏ బాధా లేకపోయినా ఒకసారి నాడి చూడమనేవారు మరికొందరు. ఈ వేసవిలో నా వద్దకు వచ్చిన ఒక రోగి మాత్రం మనిషి కాదు. పసుపుపచ్చని ఒళ్లు, ఎర్రని ముక్కు గల ఒక బాతు. మా మనుమడి ఈత ట్యూబు. దాని బాధ ఒక్కటే: రాత్రి నింపిన గాలి తెల్లవారేసరికి సగం పోతున్నది.

మనుమడికి ఐదేళ్లు. బెంగుళూరులో ఉంటాడు. వేసవి సెలవులకు శాంతిపురం వచ్చేటప్పుడు ఆ ట్యూబును మడిచి సంచిలో పెట్టుకొని తెచ్చాడు. మెత్తబడిన బాతు మెడను నా చేతిలో పెట్టి, "తాతా, నువ్వు డాక్టరువి గదా, దీనికి కట్టు కట్టు" అన్నాడు. నలభై ఏళ్లు వైద్యం చేసినవాడిని, ఆ మాటకు కాదనలేకపోయాను.

ఇంత చిన్న పనికి ఆరోగ్య వ్యాసమెందుకని మీరు అనుకోవచ్చు. ఈ వ్యాసంలో రెండు విషయాలు చెప్పదలచాను. ఒకటి, గాలి పోతున్న ఈత ట్యూబును ఇంట్లోనే బాగుచేసుకొనే పద్ధతి. రెండవది, ఆ పని చేస్తూ నేను చేసిన ఒక పెద్ద తప్పు. మొదటిది చదవడానికి ఓపిక లేనివారు రెండవదైనా తప్పక చదవండి.

మా ఊరు, మా నీళ్లు

శాంతిపురం పలమనేరు నుండి కుప్పం వెళ్లే దారిలో ఉంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాలు కలిసే మూల ఇది. టమోటా, మల్బరీ, పాడి ఇక్కడి వారికి జీవనాధారం. నీటికి మాత్రం ఎప్పుడూ కటకటే.

నా బాల్యంలో పొలాల్లో బావులుండేవి. మేమంతా ఆ బావులలోనే ఈత నేర్చుకున్నాము. వీపుకు బెండు కట్టేవారు, లేదా బాగా ఎండిన సొరకాయ బుర్ర కట్టేవారు. నడుముకు ఒక తాడు బిగించేవారు. ఆ తాడు రెండవ కొస గట్టుమీద నిలబడిన మా నాయన చేతిలో ఉండేది. ఈత పట్టుబడిన కొద్దీ బెండు ముక్కలను ఒక్కొక్కటిగా తగ్గిస్తూ వచ్చారు. బెండు పూర్తిగా తీసేసిన తరువాత కూడా కొన్నాళ్లు తాడు ఉండేది. అన్నిటికంటె చివర విప్పింది ఆ తాడునే. దానిని ఎందుకు చివర విప్పారో అప్పుడు నాకు అర్థం కాలేదు.

తరువాత బోర్లు వచ్చాయి. భూగర్భ జలం అడుగంటింది. బావులు ఎండి, చెత్తకుండీలయ్యాయి. ఒక తరానికి ఈత నేర్చుకొనే చోటే లేకుండా పోయింది. ఇప్పుడు మళ్లీ నీళ్లు కనబడుతున్నాయి. రైతులు పొలాల్లో నీటి కుంటలు తవ్వుకున్నారు. 2025లో హంద్రీ-నీవా కుప్పం శాఖా కాలువ ద్వారా కృష్ణా జలాలు ఈ ప్రాంతానికి చేరాయి. ఇది మనమందరం సంతోషించవలసిన విషయమే. అయితే ఈత తెలిసిన తాతలు ముసలివారయ్యారు, మనుమలకు ఈత రాదు. నీళ్లు వచ్చినంత తొందరగా ఈత రాదు కదా.

మా పెరటి గోడకు అవతల పొలంలో అటువంటి కుంట ఒకటి ఉంది. లోపల నల్లని ప్లాస్టిక్ పట్టా పరచి ఉంటుంది. మనుమడు మిద్దె మీద నుండి దానిని చూశాడు. వాడికి అది ఈత కొలను లాగే కనబడింది. బాతుకు వైద్యం చేయమని అంతగా వెంటపడడానికి కారణం అదే.

రోగ నిర్ధారణ

ట్యూబు మెత్తబడిందంటే చిల్లు పడిందనే తీర్మానించకండి. గాలి వేడికి వ్యాకోచిస్తుంది, చల్లదనానికి కుంచించుకుంటుంది. 40 డిగ్రీల ఎండలో బిగువుగా నింపిన ట్యూబును 25 డిగ్రీల నీటిలో వేస్తే లోపలి గాలి పరిమాణం సుమారు 5 శాతం తగ్గుతుంది. బాతు మెడ వాలిపోవడానికి ఆ మాత్రం చాలు. కొత్త ట్యూబు మొదటిసారి నింపినప్పుడు పొర కాస్త సాగుతుంది కనుక కూడా మెత్తబడుతుంది. అందువల్ల సాయంత్రం నీడలో గాలి నింపి, నీడలోనే రాత్రంతా ఉంచి, తెల్లవారి చూడాలి. అప్పటికి బాగా మెత్తబడి ఉంటే అది నిజమైన లీకు.

చిల్లు వెదకడంలో ఒక క్రమం ఉంది. మొదట గాలి నింపే మూతిని చూడాలి. అక్కడ మట్టిరేణువో వెంట్రుకో ఇరుక్కున్నా గాలి పోతుంది. దానిని కడిగి, మూత సరిగా బిగించి, చుట్టూ సబ్బు నీరు రాసి చూడాలి. ఆ తరువాత అంచుల అతుకులు. చివరగా ఒంటి భాగం. సబ్బు నీటిని స్పంజితో పలుచగా రాసుకుంటూ పోతే గాలి వస్తున్న చోట చిన్న చిన్న బుడగలు పుట్టి పెరుగుతాయి. నీటి తొట్టి ఉన్నవారు ట్యూబును కొంచెం కొంచెంగా ముంచి చూడవచ్చు.

మా పెరట్లో ఒకప్పుడు ఆవులకు నీళ్లు పెట్టిన సిమెంటు తొట్టి ఉంది. దానిలో బాతును ముంచి పట్టుకున్నాను. పొట్ట కింద నుండి సన్నని బుడగల వరుస పైకి లేచింది. దానిని చూడగానే నాకు ఆసుపత్రి వార్డు గుర్తుకు వచ్చింది. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిన రోగికి ఛాతీలో గొట్టం వేసి, దాని రెండవ కొసను నీటి సీసాలో ముంచి ఉంచుతాము. సీసాలో బుడగలు వస్తున్నంత కాలం లోపలి చిల్లు ఇంకా పూడలేదని అర్థం. ఎన్నో రాత్రులు ఆ బుడగలు ఎప్పుడు ఆగుతాయా అని ఎదురుచూస్తూ గడిపాను. ఇక్కడా అదే పరీక్ష.

బాతుకు రెండు గాయాలున్నట్లు తేలింది. ఒకటి పొట్ట కింద సూదిమొన అంత చిల్లు. పెరట్లో నేలమీద లాగినప్పుడు పల్లేరు కాయ గుచ్చుకొని ఉంటుంది. రెండవది మెడ వద్ద రెండు పొరలు కలిసే అతుకు కొద్దిగా విడివడడం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. నునుపైన చోట పడ్డ చిన్న చిల్లును నమ్మకంగా పూడ్చవచ్చు. అతుకు విడివడితే దానిమీద అతుకు వేసినా పక్కనే మళ్లీ విడివడే అవకాశం ఉంటుంది. అటువంటి ట్యూబును నీటిలో పిల్లల కింద పెట్టకూడదు. ఈ సంగతి ఆ రోజే నాకు తెలుసు. మనుమడి ముఖం చూసి, "ముందు అతికించి చూద్దాం" అనుకున్నాను.

చికిత్స

మొదట నేను చేసినది పొరపాటు. సైకిల్ పంక్చర్లు వేసే అంగడికి తీసుకుపోయాను. ఆయన, "ఇది మన ట్యూబు మాదిరి కాదు సార్, నిలబడేది గ్యారంటీ లేదు" అని చెప్పనే చెప్పాడు. నేనే బలవంతపెట్టాను. మరునాటికి ఆ ముక్క గోరు తగిలితే ఊడివచ్చింది. ఆయన చెప్పినదే నిజం. సైకిల్ ట్యూబు రబ్బరు. పంక్చర్ సొల్యూషన్ రబ్బరును రబ్బరుతో కలుపుతుంది. పిల్లల ఈత ట్యూబులు ఎక్కువగా పీవీసీ అనే ప్లాస్టిక్ పొరతో చేసినవి. దానిపై ఆ సొల్యూషన్ సరిగా పట్టదు. చిటికెలో అతుక్కునే జిగురు కూడా వద్దు, అది గాజులా గట్టిపడి, ట్యూబు వంగగానే పగులుతుంది. నీటి పైపులు అతికించే సిమెంటు మరీ ఘాటైనది. పలుచని పొరను తినివేసే ప్రమాదముంది.

గాలి బొమ్మల కోసమే తయారుచేసిన పీవీసీ అతుకుల ప్యాకెట్టు కుప్పంలో దొరికింది. దానితో చేసిన పని ఇది:

1. చిల్లు చుట్టూ చెరగని పెన్నుతో గుండ్రంగా గీత గీశాను. గాలి తీసిన తరువాత వెదికితే చిల్లు కనబడదు.

2. గాలి పూర్తిగా తీసి, బల్లమీద పరచి, తడి లేకుండా ఆరబెట్టాను. సర్జికల్ స్పిరిట్ అద్దిన దూదితో ఆ చోటును తుడిచాను. నూనె, సబ్బు, చెమట ఏది మిగిలినా జిగురు పట్టదు. గాయం శుభ్రం చేయకుండా కట్టు కట్టకూడదన్న నియమమే ఇదీ.

3. చిల్లుకు అన్నివైపులా 2 నుండి 3 సెంటీమీటర్లు ఎక్కువ ఉండేటట్లు ముక్కను గుండ్రంగా కత్తిరించాను. మూలలు ఉంటే అక్కడి నుండే లేస్తుంది.

4. రెండువైపులా పలుచగా జిగురు రాసి, ప్యాకెట్టుపై చెప్పినంతసేపు ఆగి, నడుమ నుండి అంచులవైపు వేలితో ఒత్తుతూ అతికించాను. లోపల గాలి బుడగ మిగలకూడదు.

5. పైన నా పాత వైద్య గ్రంథాలు రెండు బరువు పెట్టి 24 గంటలు కదపలేదు. ఆ తరువాతనే గాలి నింపి, మళ్లీ సబ్బు నీటితో పరీక్షించాను.

ఈ జిగుర్ల విషయంలో వైద్యునిగా ఒక హెచ్చరిక చేయాలి. వీటి వాసనలో ఉండే ద్రావకాలు తలనొప్పి, తల తిరుగుడు, వాంతులు కలిగిస్తాయి. పైగా ఇవి మండే పదార్థాలు. కిటికీలు తెరచి, వీలైతే ఆరుబయట కూర్చొని చేయండి. దగ్గరలో పొయ్యి, బీడీ, దోమల చుట్ట వెలుగుతూ ఉండకూడదు. ఆస్తమా ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. పని అయిన తరువాత ఆ గొట్టాన్ని పిల్లలకు, ముఖ్యంగా కౌమార వయసువారికి అందని చోట పెట్టండి. సొల్యూషన్ వాసన పీల్చే అలవాటులో పడిన పిల్లలను నేను చూశాను. ఆ అలవాటు మెదడును దెబ్బతీస్తుంది, ఒక్కోసారి గుండెను హఠాత్తుగా ఆపివేస్తుంది.

నోటితో ఊదవచ్చునా?

చిన్న ట్యూబయితే ఊదవచ్చు. గబగబా ఊదితే మాత్రం కళ్లు తిరుగుతాయి, పెదవుల చుట్టూ, వేళ్ల చివర్లలో తిమ్మిరి పుడుతుంది. రక్తంలోని బొగ్గుపులుసు వాయువు త్వరత్వరగా బయటికి పోవడమే దీనికి కారణం. ఆగి, మామూలుగా ఊపిరి తీసుకుంటే రెండు నిమిషాలలో సర్దుకుంటుంది. ఇటీవల కంటికి లేదా కడుపుకు శస్త్రచికిత్స జరిగినవారు, హెర్నియా ఉన్నవారు, ఒకప్పుడు ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినవారు ఊదకూడదు. దగ్గు, జలుబు ఉన్నవారు ఊదిన మూతినే పిల్లవాడి నోటికి ఇవ్వకండి. నోటి గాలిలోని తేమ వల్ల ట్యూబు లోపల బూజు కూడా పడుతుంది. కాలితో తొక్కే చిన్న పంపు అన్నిటికంటె మేలు.

ఆ రెండు నిమిషాలు

ఇక నా తప్పు.

అతుకులు ఆరిన రోజు ఉదయం బాతుకు గాలి నింపి, తొట్టిలో వేశాను. పొట్ట కింద బుడగలు లేవు. మెడ వద్ద కూడా అప్పటికి లేవు. మనుమడు చప్పట్లు కొట్టాడు. నా మనసులో కూడా ఏదో శస్త్రచికిత్స విజయవంతమైనంత గర్వం కలిగింది. అప్పుడే ఫోను మోగింది. ఒక పాత రోగి కుమారుడు, తండ్రికి మాత్రలు మారాయని సందేహం అడుగుతున్నాడు. మనుమడితో, "ఇక్కడే ఉండు" అని చెప్పి, సిగ్నల్ సరిగా అందక వరండా వైపు నడిచాను. రెండు నిమిషాలు మాట్లాడి ఉంటాను.

తిరిగి చూస్తే వాడు నిలబడిన చోట లేడు.

అరుపు లేదు. నీళ్లు కొట్టుకొన్న శబ్దం లేదు. పెరడంతా నిశ్శబ్దం. తొట్టి పక్కనున్న బట్టలు ఉతికే బండ ఎక్కి, వాడు ట్యూబులోకి దిగాడు. తొట్టిలో నీరు వాడి ఛాతీ వరకే ఉంటుంది, నిలబడితే మునగడు. కాని వాడు నిలబడలేదు. బాతు మెడను పట్టుకొని ముందుకు వంగి ఉంటాడు. మెడ అతుకు మళ్లీ విడివడి అటువైపు మెత్తబడింది. ట్యూబు వాడి నడుముకు బిగుసుకొని బోల్తాపడింది. నేను చేరేసరికి నీటిపైన కనబడుతున్నవి పసుపుపచ్చని ట్యూబు, రెండు చిన్న పాదాలు.

పైకి లాగాను. రెండుసార్లు దగ్గాడు, తరువాత పెద్దగా ఏడ్చాడు. వైద్య వృత్తిలో నేను విన్న శబ్దాలన్నిటిలో అంత ఊరటనిచ్చిన ఏడుపు మరొకటి లేదు. మా ఇల్లాలు పరుగున వచ్చి వాడిని ఒళ్లోకి తీసుకున్నది. చాలాసేపటి తరువాత నా వైపు చూసి, "ట్యూబు మీద అన్ని రోజులు కళ్లు పెట్టినారు. బిడ్డ మీద పెట్టాల్సిన ఆ ఒక్క నిమిషం ఏడికి పోయినారు?" అన్నది. నా వద్ద జవాబు లేదు.

ఆ రోజు రాత్రి పడుకొనే వరకు వాడిని కనిపెట్టుకొని ఉన్నాను. నీట మునిగి బయటపడిన బిడ్డ మామూలుగా ఉన్నా, కనీసం 8 గంటలు గమనించాలి. దగ్గు తగ్గకపోయినా, ఊపిరి వేగంగా తీస్తున్నా, మగతగా ఉన్నా, వాంతులయినా, పెదవులు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. నీటిలో స్పృహ తప్పిన బిడ్డను తరువాత తేరుకొన్నా సరే, ఆసుపత్రిలో చూపించవలసిందే. మా వాడికి ఆ లక్షణాలేవీ రాలేదు. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర రాలేదు.

ఒక తల్లి అడిగిన ప్రశ్న

ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో నేను పనిచేసిన ఆసుపత్రికి ఒక పదేళ్ల బాలుడిని తెచ్చారు. చెరువులో లారీ ట్యూబు వేసుకొని ఆడుకుంటూ మునిగాడు. గట్టుమీదనే పెద్దలు వాడిని కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, గిరగిర తిప్పి, కడుపు నొక్కి నీళ్లు కక్కించడానికి చాలాసేపు ప్రయత్నించారు. నా వద్దకు వచ్చేసరికి చేయగలిగినది ఏమీ మిగలలేదు. తల్లి నన్ను అడిగింది: "ట్యూబు ఉండింది గదా సార్, ఎట్ల మునిగినాడు?"

అప్పుడు నేను ఏదో సముదాయించి పంపాను. రిజిస్టరులో నీట మునిగి మరణం అని రాశాను. ఆ తరువాత కూడా అటువంటి పంక్తులు కొన్ని రాశాను. అన్నేళ్లలో ఒక్క పాఠశాలకైనా వెళ్లి ఈ విషయం చెప్పలేదు. మలేరియా గురించి చెప్పాను, అతిసారం గురించి చెప్పాను, పాముకాటు గురించి చెప్పాను. నీటి గురించి చెప్పాలని తోచలేదు. ఆ తల్లి ప్రశ్నకు జవాబు ఇప్పుడు, ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

అమ్మా, ట్యూబు తేలుతుంది, బిడ్డను తేల్చే బాధ్యత దానికి లేదు. చేయి జారితే బిడ్డ అడుగు నుండి జారిపోతాడు, ట్యూబు పైన ఉండిపోతుంది. నడుముకు బిగిస్తే బోల్తాపడి తల కిందికి పోతుంది. గాలి వీస్తే ట్యూబు చెరువు నడిమికి కొట్టుకుపోతుంది, దానిని పట్టుకోవడానికి బిడ్డ లోతుకు పోతాడు. చిల్లు పడితే ఒక్కసారిగా లొంగిపోతుంది. మేము వాడిన బెండులో గాలి వేలాది చిన్న గదులలో బంధించి ఉండేది, కనుక ముల్లు గుచ్చుకున్నా మునగదు. నేటి నురుగు నింపిన లైఫ్ జాకెట్ కూడా అదే సూత్రం. అయినా మా నాయన బెండును నమ్మలేదు. తాడు కొస చేతిలోనే ఉంచుకున్నాడు. ఆయన తాడును చివర ఎందుకు విప్పాడో, తొట్టిలో ఆ రెండు పాదాలు చూసిన రోజున నాకు అర్థమైంది.

మునిగేవారు చేతులు ఊపి కేకలు వేస్తారని మనం సినిమాలలో చూసి నమ్ముతాము. నిజంగా మునిగే బిడ్డ కేక వేయలేడు. నోరు నీటిపైకి వచ్చిన ఆ క్షణంలో ఊపిరి పీల్చుకోవడానికే చాలదు. ఒక నిమిషం లోపలే అంతా నిశ్శబ్దంగా జరిగిపోవచ్చు. ప్రాణవాయువు అందకపోతే నాలుగైదు నిమిషాలలో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. 2021లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 3 లక్షల మంది నీట మునిగి మరణించారని, వారిలో దాదాపు నాలుగవ వంతు 5 ఏళ్ల లోపు పిల్లలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 డిసెంబరులో వెలువరించిన నివేదిక చెబుతున్నది. ఐక్యరాజ్యసమితి 2021 నుండి జూలై 25ను నీట మునుగుడు నివారణ దినంగా పాటిస్తున్నది. మన పంచాయతీలలో, పాఠశాలలలో ఆ రోజును జరపడం నేను చూడలేదు.

బయటికి తీసిన తరువాత

మునిగిన వ్యక్తిని తలకిందులు చేయకండి. తిప్పకండి. కడుపు నొక్కకండి. బయటికి వచ్చే నీరు చాలావరకు కడుపులోనిదే. దానిని కక్కిస్తే ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదముంది, విలువైన నిమిషాలు కూడా పోతాయి.

గట్టి నేలమీద వెల్లకిలా పడుకోబెట్టండి. పిలిచి, తట్టి చూడండి. ఊపిరి ఆడుతున్నదా గమనించండి. మరొకరిని 108కి ఫోన్ చేయమనండి. ఊపిరి ఉండి స్పృహ లేకపోతే ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే ముందుగా తల కొద్దిగా వెనుకకు వంచి, గడ్డం పైకెత్తి, ముక్కు మూసి, నోటిలో నోరు పెట్టి 2 నుండి 5 సార్లు ఊపిరి ఊదండి. తరువాత ఛాతీ నడుమ 30 సార్లు నొక్కి, 2 సార్లు ఊదుతూ కొనసాగించండి. నొక్కే వేగం నిమిషానికి 100 నుండి 120 సార్లు. పిల్లలలో ఛాతీ మందంలో మూడవ వంతు లోపలికి దిగాలి. నీట మునిగినవారికి కావలసినది మొట్టమొదట ఊపిరి. సహాయం వచ్చే వరకు ఆపకండి.

మరొక మాట. ఈత రానివారు మునిగేవారి కోసం నీటిలోకి దూకవద్దు. ఒకరి వెంట ఒకరు మునిగిన విషాదాలు మన పత్రికలలో ఎన్నో చదివాము. కర్ర అందించండి, చీర విసరండి, తేలే వస్తువు ఏదైనా విసరండి.

కుంట గట్టున ఒక తాడు

మరునాడు పక్క పొలం రైతు వద్దకు వెళ్లాను. "పిల్లోళ్లు రాకుండా ముండ్లకంప ఏసినాను గదా సార్" అన్నాడు. నిజమే, మంచి పని చేశాడు. అయితే కంప దాటినవాడి సంగతి ఏమిటని అడిగాను. ప్లాస్టిక్ పట్టా పరచిన కుంటలో అసలు ప్రమాదం లోతు కాదు, వాలు. తడిసిన పట్టా, దానిపై పట్టిన పాచి సబ్బులా జారుతుంది. పెద్దవాడు కూడా ఎక్కి బయటికి రాలేడు. ఈత వచ్చినవారు సైతం గట్టుకు రెండు మూరల దూరంలో అలసి మునిగిపోతారు. సిమెంటు పూత వేసిన కాలువ వాలు కూడా ఇటువంటిదే, పైగా దానిలో ప్రవాహం తోడవుతుంది.

ఇద్దరం కలిసి కుంటకు నాలుగు వైపులా గుంజలు పాతి, మూరకొక ముడి వేసిన తాళ్లను నీటి అడుగు వరకు దించాము. మూత బిగించిన ఖాళీ 20 లీటర్ల నీళ్ల క్యాన్‌కు పొడవైన తాడు కట్టి, గట్టుమీద వేలాడదీశాము. ఒక మనిషి తలను నీటిపైన నిలపడానికి అది చాలినంత తేలుతుంది. మొత్తం ఖర్చు తాళ్లకే. పని ఒక పూట. అంతా అయిన తరువాత ఆయన ఒక తాడు పట్టుకొని తానే లోపలికి దిగి, ఎక్కి చూసుకున్నాడు. "రెండేండ్ల నుంచి ఈ గట్టు మీదనే తిరుగుతా ఉండాను సార్, కాలు జారితే యెట్లని ఒక్కనాడూ అనుకోలేదు" అన్నాడు.

బాతు ఇప్పుడు మా వరండాలో కొక్కానికి వేలాడుతున్నది. మెడ అతుకును మళ్లీ వేయలేదు. మనుమడు దానిని తీసివేయవద్దన్నాడు, నేనూ ఉంచమన్నాను. తొట్టిలో నీరు తీసేశాము. వచ్చే వేసవిలో వాడికి ఈత నేర్పిస్తానని మాట ఇచ్చాను. నురుగు జాకెట్ తొడిగి, నడుముకు తాడు కట్టి, ఆ తాడు కొస నా చేతిలో ఉంచుకొని. ఆ సమయంలో నా ఫోను ఇంట్లో ఉంటుంది.

గుర్తుంచుకోవలసినవి

• నునుపైన చోట పడ్డ చిన్న చిల్లుకు అతుకు వేయవచ్చు. అతుకు విడివడిన ట్యూబును, రెండవసారి లీకయిన ట్యూబును నీటిలో వాడకండి.

• ఈత ట్యూబు ఆట వస్తువు. ప్రాణరక్షణ సాధనం కాదని చాలా ట్యూబుల మీదనే రాసి ఉంటుంది, చదవండి.

• నీటిలో ఉన్న చిన్న పిల్లలు మీ చేయి అందే దూరంలో ఉండాలి. కాపలా ఎవరిదో పేరు పెట్టి నిర్ణయించుకోండి. "అందరం ఉన్నాము కదా" అనుకొనే చోట ఎవరూ చూడరు.

• వాడని తొట్టి, గంగాళం, బకెట్ ఖాళీ చేసి బోర్లించండి. సంపుకు మూత వేసి ఉంచండి.

• మీ ఊరి కుంట దగ్గరకు ఈ ఆదివారం ఒకసారి వెళ్లి చూడండి. పట్టుకొని పైకి రావడానికి అక్కడ తాడు లేకపోతే, ఒకటి కట్టి రండి.